జపాన్ ఆయన

పుంగనూరు నుంచి మదనపల్లె పోయే రోడ్డులో, ఊరు దాటగానే ప్రసన్నలక్ష్మి పట్టు ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ అని పేరే గానీ ఉన్నది ఒక పొడవాటి రేకుల షెడ్డు, ఒక బాయిలరు, గూళ్లు ఆరబెట్టే గది. ఆమె మొగుడు రామప్ప కుప్పం, రామకుప్పం వైపు తిరిగి రైతుల దగ్గర పట్టుగూళ్లు కొనుక్కొస్తాడు. వాటిని వేడినీళ్లలో ఉడకబెట్టి, దారం తీసి, మదనపల్లెలో చీరలు నేసేవాళ్లకు అమ్ముతారు.

షెడ్డు మధ్యలో బస్సంత పొడుగు మిషను ఒకటుంది. ఆడవాళ్లు దాని ముందు నిలబడి తెగిన పోగులు అందిస్తే చాలు, తక్కిన పనంతా అదే చేసుకునేది. ఒక వానాకాలం పిడుగు పడి దాని కంట్రోల్ బోర్డులు కాలిపోయినాయి. బెంగళూరు మెకానిక్కులు చూసి, చేసినోళ్లే రావాలన్నారు. చేసినోళ్లేమో చైనాలో ఉన్నారు. అప్పటికి మంచుకొండల్లో రెండు దేశాల సైన్యాలూ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. కంపెనీకి ఎన్నిసార్లు రాసినా ఒకటే జవాబు: మా మనిషి సిద్ధంగా ఉన్నాడు, మీవాళ్లు వీసా ఇవ్వడంలేదు. మిషను మీద టార్పాలిన్ కప్పేశారు. మునిరత్నమ్మ, తక్కిన ఆడవాళ్లు పాత బేసిన్ల ముందు కూర్చుని మళ్లీ వేడినీళ్లలో చేతులు పెట్టుకున్నారు. సాయంత్రానికి వాళ్ల వేళ్లు తెల్లగా నానిపోయి, ఎవరివో చేతుల్లా ఉండేవి.

అందుకే రెండు దేశాల పెద్దలు కూర్చుని మాట్లాడుకున్న వార్త టీవీలో వచ్చినప్పుడు, పుంగనూరులో దాన్ని ప్రసన్నలక్ష్మి విన్నంత శ్రద్ధగా విన్నవాళ్లు ఉండరు. సైన్యాలు వెనక్కి జరుగుతాయన్నారు. ఆగిపోయిన విమానాలు తిరుగుతాయన్నారు. వ్యాపారం పెంచుకుందామనుకున్నారు. ఆ తర్వాత ఇంకొన్ని సమావేశాలు, ఇంకొన్ని వార్తలు. చివరికి కంపెనీ నుంచి కబురొచ్చింది. ఫాంగ్ అనే ఆయనకు వీసా దొరికింది, వస్తున్నాడు.

ఆ సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. ఆమెకు అన్న గుర్తొచ్చాడు.

హనుమంతు మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. ఆ మంచుకొండల్లోనే కాపలా ఉన్నాడు. చలికి ఎడమచేతి వేళ్లు రెండు పోయినాయి. పక్కన నిలబడిన స్నేహితుడొకడు ఆ కొండల్లోనుంచి తిరిగి రాలేదు. రిటైరై కురబలకోటలో గొర్రెలు పెట్టుకున్నాక, చైనా సరుకు గడప దాటనివ్వలేదు. కొడుకు కొన్న ఫోను వాపసు పంపించాడు. ఆగస్టు పదిహేనుకు బళ్లలో పిలిచి మాట్లాడమంటే, పిల్లలకు అదే చెప్పేవాడు.

మిషను కొత్తగా దిగినప్పుడు చూడటానికొచ్చి, "యా దేశందిమ్మా ఇది?" అని అడిగాడు.

"జపాన్ దన్నా" అనేసింది ప్రసన్నలక్ష్మి. అంత సులువుగా వచ్చేసింది ఆ మాట. ఆయన పోయినాక మిషను మీది చైనా అక్షరాలకు పచ్చరంగు కొట్టించింది. మొగుడు చూసి ఏమీ అనలేదు. పనివాళ్లకూ అదే తెలుసు, ఊరికీ అదే తెలుసు.

ఇప్పుడు మనిషి వస్తున్నాడు. విదేశీయుడు వస్తున్నాడని పోలీస్ స్టేషన్లో ఇచ్చిన కాగితంలో చైనా అని రాసింది, రాయక తప్పదు గనక. అక్కడ్నుంచి ఫ్యాక్టరీకి వచ్చి, "జపాన్ నుంచి ఒకాయన వస్తాండాడు" అని ఆడవాళ్లకు చెప్పింది.

ఫాంగ్‌కు అరవై దగ్గర పడుంటాయి. సన్నటి మనిషి, తెల్లబడిన పొట్టి జుట్టు. బెంగళూరు నుంచి కారులో వస్తూ దారి పొడుగునా మల్బరీ తోట కనిపించినప్పుడల్లా అద్దం దించి చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. చేతిలో ఫోను పెట్టుకుని చైనా భాషలో మాట్లాడితే, ఫోను తెలుగులో చెప్పేది. అదీ పాఠ్యపుస్తకం తెలుగు. ఇక్కడివాళ్ల మాట దానికి అర్థమయ్యేది కాదు. "యాడ నొక్కాల?" అని మునిరత్నమ్మ అడిగితే అది ఏదో గొణిగి ఊరుకునేది. ప్రసన్నలక్ష్మి వచ్చి "ఎక్కడ నొక్కాలి?" అని పేపర్ తెలుగులో అడిగితేనే పలికేది.

ఆయన టార్పాలిన్ తీసి, మిషను చుట్టూ నిదానంగా తిరిగాడు. పచ్చరంగు కింద దాగిన అక్షరాల దగ్గర ఆగి, వేలితో తడిమాడు. ఆమె వైపు చూడలేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని పనిలో పడ్డాడు.

రెండో రోజుకే హనుమంతు వచ్చాడు. జపాన్ మనిషి అంటే ఆయనకు గౌరవం. యుద్ధంలో బూడిదైపోయి మళ్లీ లేచిన దేశమని పిల్లలకు చెప్పేవాడు. ఇంటినుంచి రాగిసంగటి, నాటుకోడి పులుసు కారియరులో కట్టించుకొచ్చాడు. మిషను పక్కనే గోనెపట్టా పరిచి, ఫాంగ్‌ను కూర్చోబెట్టి, సంగటి ముద్ద ఎట్లా నొక్కి ముంచుకోవాలో చేసి చూపించాడు. ఫాంగ్ తిన్నాడు. కారానికి కళ్లలో నీళ్లొచ్చినా ఆపలేదు.

తింటూ ఆయన హనుమంతు ఎడమచేతిని చూశాడు. తర్వాత తన కుడిచేయి తిప్పి వేళ్ల కొసలు చూపించాడు. అన్నీ నున్నగా, గీతలు లేకుండా మెరుస్తున్నాయి. చిన్నప్పుడు దారం తీసే బేసినులో కాలినవంట. హనుమంతు ఆ వేళ్లను పట్టుకుని చూశాడు.

"ఈయనవి ఉడుకు నీళ్లకు పోయినాయి, నాయి మంచుకు పోయినాయి" అని ఆడవాళ్లతో చెప్పి నవ్వాడు. "నేను యాడ పోగొట్టుకున్నానని ఈయన అడిగితే, ఆ పక్కదేశం పుణ్యమని చెప్పమ్మా."

ప్రసన్నలక్ష్మి చెప్పలేదు. "చలి వల్ల" అని మాత్రం ఫోనుకు చెప్పింది.

తర్వాత కూడా హనుమంతు వస్తూనే ఉన్నాడు. ఇద్దరూ మాటల్లేకుండానే టీ తాగేవాళ్లు. ఒకనాడు ఫాంగ్‌ను బైకు మీద ఎక్కించుకుని పుంగనూరు పొట్టి ఆవుల్ని చూపించుకొచ్చాడు. అన్న అంత తేలికగా నవ్వడం ఆమె ఏళ్ల తరబడి చూడలేదు. ఒక్కోసారి, ఇప్పుడు చెప్పేస్తే, అనుకునేది. ఆ నవ్వు చూసి వెనక్కి తగ్గేది. రేపు చెబుదాం, మిషను తిరిగినాక చెబుదాం, ఆయన విమానమెక్కినాక చెబుదాం.

మిషను తిరిగింది. దారాలు వరసగా పైకి లేచి చక్రాలకు చుట్టుకుంటుంటే మునిరత్నమ్మ తన రెండు చేతులూ చీరకొంగుకు తుడుచుకుని నిలబడిపోయింది. హనుమంతు ఊరుకోలేదు. "దేశం కాని దేశమొచ్చి మన ఆడోళ్ల చేతుల్ని కాపాడినోడు. శాలువా కప్పల్ల" అన్నాడు. నలుగురు పెద్దమనుషుల్ని, లోకల్ పేపరు విలేకరిని పిలిచాడు. ఫ్లెక్సీ కూడా ఆయనే కొట్టించాడు.

ఆ పొద్దున ప్రసన్నలక్ష్మి షెడ్డుకొచ్చేసరికి ఫ్లెక్సీ కట్టేశారు. ఒక పక్క మూడు రంగుల జెండా. ఇంకో పక్క తెల్లగుడ్డ మీద ఎర్రటి గుండ్రం. దాని కింద ఫాంగ్ ఫొటో.

ఫాంగ్ దాని ఎదురుగా నిలబడి చూస్తున్నాడు. ఆమెను చూసి ఫోనులో మాట్లాడాడు.

"ఇది జపాన్ జెండా. ఇది ఇక్కడ ఎందుకు ఉన్నది?"

ఆమె ఫోను దగ్గరికి వంగింది. "మా అన్న సైన్యంలో పనిచేశారు. మీ దేశ సరిహద్దులో. ఆయన బాధపడతారని, మీరు జపాన్ వారని చెప్పాను. ఈ ఒక్క ఉదయం మీరు ఏమీ మాట్లాడకండి. దయచేసి."

ఆ మాట ఫోను చైనా భాషలో చెబుతుంటే ఆమెకు తన గొంతే ఇంకెవరిదో అనిపించింది. ఒక మనిషిని పిలిపించి, పని చేయించుకుని, నీ దేశం పేరు మింగేయమని అడుగుతున్నది తానేనా?

ఫాంగ్ మళ్లీ ఫ్లెక్సీ వైపు చూశాడు. తర్వాత ఫోను చదివింది: "నేను స్వయంగా చెప్పను. కానీ ఎవరైనా అడిగినచో అబద్ధం చెప్పను."

ఎవరూ అడగరులే అనుకుంది ఆమె.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడల్ తగిలించుకుని వచ్చాడు హనుమంతు. ఫాంగ్‌ను ఆ ఎర్రటి గుండ్రం కిందే కుర్చీలో కూర్చోబెట్టారు. హనుమంతు మైకు తీసుకున్నాడు. మొదట పని గురించి, క్రమశిక్షణ గురించి చెప్పాడు. తర్వాత గొంతు మారింది.

"ఈయన దేశమూ ఒక దేశమే. మన నెత్తిన కూర్చోనుండే ఆ దేశమూ ఒక దేశమే. ఇప్పుడు టీవీల్లో చేతులు కలుపుకుంటా ఉండారు. నేను సూసినాను వాళ్లను, కంట్లో కన్ను పెట్టి సూసినాను. ముందర నవ్వి ఎనకనించి పొడిచే జాతి. నా స్నేహితున్ని తినేసినోళ్లు. వాళ్లల్లో ఒకడు ఈ గడప తొక్కితే, నా చేత్తో గుక్కెడు నీళ్లు గూడా పొయ్యను."

ఫాంగ్ ఒడిలో ఫోను ఉంది. ఎవరు మాట్లాడుతున్నా అర్థం చేసుకోవడానికి ఆయన దాన్ని ఎప్పుడూ తెరిచే ఉంచుకుంటాడు. తెర మీద అక్షరాలు ఒక వరస తర్వాత ఒకటి పైకి జరగడం ప్రసన్నలక్ష్మి చూసింది. అన్న మాట దానికి ఎంత అర్థమైందో ఆమెకు తెలియదు. ఫాంగ్ తల వంచి చదువుతూనే ఉన్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

లేచి మైకు లాక్కోవాలనుకుంది. అందరితోపాటు చప్పట్లు కొట్టింది.

హనుమంతు శాలువా కప్పాడు. ఫాంగ్ నిలబడి చేతులు జోడించాడు. ఫొటోలు తీశారు. తర్వాత విలేకరి పుస్తకం తీసి అడిగాడు:

"సార్‌ది జపాన్‌లో ఏ ఊరు? పోలీస్ స్టేషన్లో అడిగితే ఇంకేదో దేశం చెప్పినారు, అందుకే అడుగుతున్నా."

ఫోను ఆ ప్రశ్నను తిప్పి చెప్పింది. ఫాంగ్ ప్రసన్నలక్ష్మి వైపు చూశాడు. కోపంగా కాదు. నువ్వు చెబుతావా అన్నట్టు చూశాడు. ఆ చూపు ఆమెకు అర్థమైంది. అర్థమై కూడా తల దించుకుంది.

ఆయన మెల్లగా మాట్లాడాడు. ఫోను పైకి చదివింది: "నేను జపాన్ దేశస్థుడిని కాను. నేను చైనా దేశములోని హుజౌ నగరం నుండి వచ్చాను. ఈ యంత్రము కూడా అక్కడిదే."

మిషను ఒక్కటే తిరుగుతోంది. మునిరత్నమ్మ, "పోగు తెగింది, రాండే" అని తక్కిన ఆడవాళ్లను పిలుచుకుని అటు నడిచింది. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

హనుమంతు ఫాంగ్‌ను చూస్తూ నిలబడ్డాడు. చెల్లెలి దగ్గరికొచ్చాడు.

"నీకు తెలుసునా?"

ఆమె తల ఊపింది.

ఆయన మెడల్ తీసి జేబులో వేసుకుని బయటికి పోయాడు. బైకు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

సాయంత్రం ఆడవాళ్లంతా వెళ్లినాక ప్రసన్నలక్ష్మి ఫాంగ్ దగ్గరికి వెళ్లి, తనకు తెలిసిన పేపర్ తెలుగులో క్షమించమని అడిగింది. ఆయన శాలువాను మడిచి బల్ల మీద పెట్టి ఉంచాడు. ఫోను దగ్గరికి వంగి, ఆగి ఆగి చెప్పాడు.

"మా అమ్మమ్మ పట్టు దారం తీసే మిల్లులో పనిచేసేది. ఆ జెండా పట్టుకుని వచ్చిన సైన్యం ఆ మిల్లును తగులబెట్టింది. మా అమ్మ ఆ కథలు వింటూ పెరిగింది. ఇప్పుడు ఆమెకు వయసు మీద పడింది. నేను ఆ జెండా కింద ఉన్న ఫొటోను పత్రికలో వేయవద్దని మీరు చెప్పగలరా?"

ఆమె అప్పటికప్పుడే విలేకరికి ఫోను చేసి బతిమాలింది. అతను సరేనన్నాడు.

ఫాంగ్ తల పంకించాడు. తర్వాత ఫోను మళ్లీ చదివింది: "నేను భారతదేశం వెళ్తున్నానని మా వీధిలో అందరికీ చెప్పాను. ఒక పొరుగువాడి కొడుకు సైనికుడు. ఆ పొరుగువాడు నాతో మాట్లాడడం మానేశాడు. అయినను చెప్పి వచ్చాను."

క్షమించానని ఆయన అనలేదు. అంటాడని ఆమె ఎదురుచూసింది. ఎదురుచూసినందుకు మళ్లీ సిగ్గుపడింది.

మర్నాడు కురబలకోటకు పోయింది. వదిన రేవతి మంచినీళ్లిచ్చి, "దొడ్లో ఉండాడు, పో" అంది. హనుమంతు గొర్రెపిల్లకు కాలి గాయం కడుగుతున్నాడు. తల ఎత్తలేదు.

"అన్నా, నీకు చెబితే తట్టుకోలేవని..."

"నేనేం చేస్తాననుకున్నావు? కొడతాననుకున్నావా ఆ ముసలాయన్ని?"

"తెలీదన్నా."

"నాకూ తెలీదు" అన్నాడు. "లోపలికి రానిచ్చేవాణ్ణి కాదేమో. నీ మిషను తుక్కైపోతే పోనీ అనేవాణ్ణేమో. లేకపోతే ఆయన మొగం సూసినాక ఊరుకునేవాణ్ణేమో. అదేందో తెలుసుకోకుండా చేసినావు నన్ను."

గొర్రెపిల్లను వదిలిపెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

"ఆడ కొండమీద పండగలకు రెండు పక్కల ఆఫీసర్లు కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. నేను వెనకాల మిఠాయి డబ్బాలు మోసుకుని నిలబడేవాణ్ణి. వాళ్లెవురో మాకు తెలుసు, మేమెవురో వాళ్లకు తెలుసు. తెలిసే చేతులు కలిపేది, తెలిసే కొట్టుకునేది. ఎదుట నిలబడినోణ్ణి తిట్టినా నేను. కానీ నా చేతి సంగటి తిన్నోణ్ణి, కూర్చోబెట్టి, మొగం మీద ఎప్పుడూ తిట్టలేదు. నువ్వు తిట్టించినావు నాచేత."

ఆమె ఏడ్చింది. ఆయన ఊరడించలేదు. "పో, పొద్దుగూకతాంది" అన్నాడు.

ఫాంగ్ ప్రయాణం రోజున, ఆయన్ను సాగనంపడానికి ప్రసన్నలక్ష్మి కూడా ఎక్కిన కారు మదనపల్లె చేరేసరికి బస్టాండు దగ్గర హనుమంతు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు బయల్దేరుతారో రామప్పను అడిగి తెలుసుకున్నాడంట. కారు ఆపారు. ఫాంగ్ దిగాడు. హనుమంతు చెల్లెలి వైపు చూడకుండా ఫోను కోసం చెయ్యి చాపాడు.

"నేనన్నవి నిన్ను సూసి అన్నవి కావు. అట్లని అబద్ధమూ కాదు."

ఫోనుకు అర్థం కాలేదు. ఇంకోసారి అన్నాడు. మళ్లీ ఏదో తప్పు పలికింది. హనుమంతు అప్పుడు మొదటిసారి, మొహం పక్కకు పెట్టుకునే, ఫోనును చెల్లెలి చేతికిచ్చాడు.

"నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. ఏమీ దాచొద్దు."

ఆమె చెప్పింది. అన్న ఒక్కో మాట అంటే, ఆమె ఒక్కో మాటా తిప్పి అంది. "నేను అన్నవి మిమ్మల్ని చూసి అన్నవి కావు. అయితే అవి అబద్ధమూ కాదు. నా స్నేహితుడు తిరిగి రాలేదు. అది నేను మరిచిపోలేను. కానీ మీరు నా అతిథి. అతిథిని అవమానించాను. అందుకు సిగ్గుపడుతున్నాను." సిగ్గుపడుతున్నాను అనేటప్పుడు, ఆ సిగ్గు హనుమంతుది కాదని, తనదని చెప్పాలనిపించింది. కానీ అన్న చెప్పింది చెప్పినట్టు చెప్పమన్నాడు. అట్లాగే చెప్పింది.

ఫాంగ్ విని, "మా వైపున కూడా తిరిగి రానివారు ఉన్నారు" అన్నాడు. తర్వాత, "మీ ఇంటి భోజనము నాకు గుర్తుంటుంది" అన్నాడు.

ఇద్దరూ చేతులు పట్టుకోలేదు. టమోటా లారీ ఒకటి హారన్ కొడితే పక్కకు జరిగి నిలబడ్డారు. ఫాంగ్ కొద్దిగా తల వంచాడు. హనుమంతు కూడా వంచాడు. కారు కదిలినాక ప్రసన్నలక్ష్మి వెనక్కి తిరిగి చూసింది. అన్న బస్టాండు లోపలికి వెళ్లిపోతున్నాడు.

అప్పట్నుంచి హనుమంతు పుంగనూరు రాలేదు. తను ఫోను చేస్తే వదినే మాట్లాడుతుంది, "ఉండాడు, బాగుండాడు" అంటుంది. ఫ్యాక్టరీలో మిషను బాగానే తిరుగుతోంది. పొద్దున అందరూ వచ్చేముందు ఆమె దాని ముందు నిలబడినప్పుడు, లాభం వస్తున్నదన్న సంతోషం రావాల్సిన చోట వేరే ఏదో వచ్చి కూర్చుంటుంది.

కుప్పంలో ఇట్లాంటిదే ఫ్యాక్టరీ నడిపే రాణి ఒకరోజు ఫోను చేసింది.

"అక్కా, మా మిషను కూడా ఆగిపోయుండాది. మీకు చేసినాయన్నే పిలిపిద్దామనుకుంటా ఉండాము. కానీ ఆయన వల్ల మీ ఊర్లో ఏదో గొడవైందని విన్నాను. నిజమేనా?"

ప్రసన్నలక్ష్మి ఫోను చెవి మార్చుకుంది.

"గొడవ ఆయన వల్ల కాలేదు" అంది. "ఆయన చైనా మనిషని తెలిసీ, జపాన్ ఆయనని చెప్పినాను. అందరికీ. మా అన్నకు గూడా. గొడవ నావల్లే అయింది."

అవతల రాణి గొంతు తగ్గించింది.

"ఎందుకట్ల చెప్పినావక్కా?"

ప్రసన్నలక్ష్మి జవాబు చెప్పబోయి, మానుకుని, పుస్తకంలో ఫాంగ్ నంబరు వెతికింది.

"నంబరు రాసుకో" అంది చివరికి.